అయిదు జింకు రేకులు, ఒక చెంచా

పల్నాడు వెళ్ళొచ్చానంటే అందరూ నాగులేరు చూశావా, యుద్ధం జరిగిన చోటు చూశావా అని అడుగుతున్నారు. చూడలేదు. నేను అయిదు రేకుముక్కల్ని చూడటానికి వెళ్ళాను. వాటిలో నిజంగా చూడగలిగింది ఒక్కటే. మిగతా నాలుగూ మర్యాద ఎక్కువై చెడిపోయాయి.

ముందు రేకుల సంగతి చెప్పాలి. నేను గుంటూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్ని. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర, కాలవల మధ్య. నా పక్క వాటాలో కాశిం ఉంటాడు. మాచర్లవాడు, ఇరవై ఏడేళ్ళు, పెళ్ళికాలేదు. రామబ్రహ్మంగారి ప్లేటింగ్ షాపులో పని. తలుపు గొళ్ళేలకీ బోల్టులకీ బకెట్ల చేతులకీ అక్కడ జింకు పూత వేస్తారు. ఇనుముకి తుప్పు పట్టకుండా జింకు. ఆ జింకుకి తెల్లతుప్పు పట్టకుండా మళ్ళీ పసుప్పచ్చటి క్రోము నీళ్ళ తొట్టిలో ముంచి తీసేవారు. ముంచి తీసేది కాశిం. గొళ్ళేలకి తుప్పు పట్టలేదు. కాశిం వేళ్ళకి చిల్లులు పడ్డాయి.

నిజంగా చిల్లులే. కందిగింజ పెడితే కూర్చునేటంత గుంటలు, కుడిచేతికి నాలుగు, ఎడమచేతికి రెండు. ఉన్న ఒక్క జత రబ్బరు తొడుగులకి అంతకన్నా పెద్ద చిల్లులు. ఊరికే ఉంటే నొప్పి ఉండేది కాదు. మానేవీ కావు. కారం తగిలితే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. గుంటూరు జిల్లాలో కారం తగలకుండా అన్నం తినాలంటే ఒకటే దారి. కాశిం చెంచాతో తినేవాడు. గోంగూర పచ్చడి కూడా చెంచాతోనే. చూసేవాళ్ళకే నోరు చప్పబడిపోయేది.

నా దగ్గర ఒక కషాయం ఉంది. కరక్కాయ, తుమ్మచెక్క కలిపి కాచి వడగట్టింది. తోళ్ళు పదును చేసేవాళ్ళు ఎప్పట్నించో వాడేదే. జింకు వేసిన రేకుని అందులో ముంచితే పైన గోధుమరంగు పొర కడుతుంది. ఆరాక పల్చగా అవిసెనూనె రాస్తాను. కనిపెట్టానని గొప్పలు చెప్పుకోను. ఒకసారి చెప్పుకున్నాను, స్టాఫ్‌రూములో ఎవరూ వినలేదు. రామబ్రహ్మంగారి షాపు వెనక మురుక్కాలవ అప్పట్లో పసుప్పచ్చగా పారేది, అందులో గడ్డి కూడా మొలిచేది కాదు. నా కషాయం మా వెనకవీధి కాలవలో పారబోస్తే ఒక పంది వచ్చి తాగింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

రామబ్రహ్మంగారు చెడ్డమనిషి కాదు, షాపు యజమాని. "నా గిరాకీ అంతా పల్నాడేనండీ. అక్కడి ఎండకీ వానకీ సున్నపు దుమ్ముకీ మీ కషాయం ఒక వానాకాలం ఆగితే పసుపు తొట్టి తీయించేస్తా. అయిదు చోట్ల పెట్టండి. మూడు చోట్లయినా మీ పూత నా పూతకి తీసిపోకూడదు" అన్నారు.

అరచేతంత రేకులు అయిదు తీసుకున్నాం. ఒక్కోదానికి సగం ఆయన పసుపు పూత, సగం నా గోధుమ పూత. వానలు పడకముందు కాశిమే ఊరూరూ తిరిగి తెలిసినవాళ్ళకి ఇచ్చొచ్చాడు. ఎండా వానా తగిలేచోట వేలాడదీయండి అన్నాడట. అక్కడితో ఆగితే బాగుండేది. మా సార్ వస్తువు, జాగ్రత్తగా చూసుకోండి అని కూడా అన్నాడట. ఆ ముక్కే కొంప ముంచింది.

కార్తీకం వెళ్ళాక, వాటిని తెచ్చే వేళకి కాశింకి సెలవు దొరకలేదు. నేను బయల్దేరాను.

నరసరావుపేట: ఇనప్పెట్టె

మొదటి రేకు ఇనుప సామాన్ల వ్యాపారి కరీముల్లాగారి దగ్గర. తెల్లటి గడ్డం, మాసిపోని లాల్చీ. పలుగులూ పారలూ గొలుసులూ మధ్యన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాశిం పేరు చెప్పగానే టీ తెప్పించారు. ఇక్కడ టీ అర్ధరూపాయి, సాసర్లో పోసుకుని తాగాలి. నేను కప్పుతో తాగుతుంటే ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

డాబా మీదకి దారి ఎటు అని లేచాను.

"డాబా ఎందుకబ్బయ్యా? కూర్చో" అని మొలలోంచి తాళాలగుత్తి తీశారు. ఇనప్పెట్టె తెరిచారు. లోపల్నించి పట్టుగుడ్డ మూట ఒకటి తీసి, రెండు చేతులతో నాకు అందించారు. విప్పితే నా రేకు. వానాకాలం మొత్తం చుక్క నీరు తగల్లేదు. కాశిం ఇచ్చిననాడు ఎలా ఉందో అలాగే ఉంది.

"వానలో వేలాడదీయమన్నాడు కదండీ కాశిం?"

"అన్నాడు. కుర్రోడు, తెలీక అన్నాడు. ఒకళ్ళు నమ్మి ఇచ్చిన సొత్తు వానలో పెడతామా? ఎవడన్నా ఎత్తుకుపోతే మా కొట్టు పరువేంగాను?"

ఏడవలేక నవ్వి, చాలా భద్రంగా ఉంచారండీ అన్నాను. ఆయన కళ్ళు తృప్తితో మెరిశాయి. పట్టుగుడ్డ కూడా నాకే ఇచ్చేశారు.

రొంపిచెర్ల: చింతపండు

రొంపిచెర్ల కొత్తగా మండలం అయింది. ఆఫీసు బోర్డు రంగు ఇంకా ఆరలేదు, ఆనుకుని నిలబడితే నా చొక్కాకి కొంచెం అంటింది. రెండో రేకు ఇక్కడి బడిపంతులమ్మ ఏసుమణిగారింట్లో. ఆవిడ బళ్ళో ఉంది. ఇంట్లో ఆవిడ అత్తగారు సారమ్మ ఉంది.

దూరం నుంచే కనిపించింది నా రేకు. పెరట్లో దడికి వేలాడుతూ ఎండలో తళతళా మెరిసిపోతోంది. వానలో ఉంది, ఎండలో ఉంది, ఇంకేం కావాలి అనుకుంటూ దగ్గరకెళ్ళాను. పసుపు లేదు. గోధుమరంగు లేదు. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే జింకు కూడా లేదు. తెల్లటి ఇనుము.

"బాగుందా నాయనా?" అంది సారమ్మ వెనకనించి. "మా కోడలు చెప్పింది, ఎవరో పెద్ద సార్ వస్తువంట, జాగర్తంట. మాసిపోతే మాకు మర్యాదా? శనివారం శనివారం నేనే తోమా. చింతపండూ బూడిదా ఏసి, పీచుతో. మొదట్లో ఏందో మరకుంది పసుపుగా. చానా మొండిది, మూడు వారాలు పట్టింది పోడానికి."

"రెండోవైపు గోధుమరంగు ఉండాలి, అది?"

"అది ఇంకా మొండిదయ్యా. నాలుగు వారాలు."

ఈ మాట నేను డైరీలో రాసుకున్నాను. సారమ్మ చేతికి నా పూత పసుపుకన్నా ఒక వారం ఎక్కువ ఆగింది. రామబ్రహ్మంగారికి ఇది సాక్ష్యంగా పనికొస్తుందా అని చాలాసేపు ఆలోచించాను. పనికిరాదు.

తినకుండా కదలనివ్వలేదు. మావైపు రొట్టె అంటే జొరం వచ్చినవాడి తిండి. ఇక్కడ జొన్నరొట్టె ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా తింటారు, అలాగే ఉండాలని తింటారు. మీద వెల్లుల్లికారం పెట్టింది. రెండో ముక్కకి నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కారం ఎక్కువైందా అని ఆవిడ గాభరాపడింది. కాశిం వేళ్ళు గుర్తొచ్చాయి. ఏం లేదమ్మా, బాగుంది అన్నాను.

పిడుగురాళ్ల: బొట్టు

మర్నాడు పిడుగురాళ్ల. ఊరు ఇంకా రాకముందే తెలుస్తుంది, చెట్ల ఆకులు తెల్లబడతాయి. బస్సు దిగేసరికి నా వయసు పదేళ్ళు పెరిగినట్టు జుట్టు తెల్లబడింది. సున్నపు బట్టీల దగ్గర లారీలు, రాళ్ళు మోసే ఆడవాళ్ళు, తలకి గుడ్డలు. రామబ్రహ్మంగారు ప్రత్యేకంగా అడిగింది ఈ ఊరి రేకునే. తడిసిన సున్నానికి ఆగాలంటే జింకుకి గట్టి పరీక్ష.

మేస్త్రీ కోటయ్య బట్టీ గుంజ దగ్గరికి తీసుకెళ్ళాడు. గుంజకి తెల్లటి పలక ఒకటి వేలాడుతోంది. మందంగా, దిబ్బరొట్టెలా. దానికి నిలువుగా మూడు కుంకుమ బొట్లు, కింద పసుపు.

"ఇదేంటి కోటయ్యా?"

"మీ రేకే సార్. దసరాకి ఆయుధపూజ చేత్తాం గదా. గడ్డపారలు, సుత్తులు, బండి చక్రాలు, అన్నిటికీ సున్నం పూసి బొట్టు పెడతాం. ఇదీ ఇనుప సామానేగా, దీన్నొక్కదాన్నే ఒదిలేత్తే బాగుంటదా? కొబ్బరికాయ కూడా దీని ముందే కొట్టినాం."

చాకుతో గీకాను. పైన సున్నం. దాని కింద సున్నం. దాని కింద తెల్లటి పొడి. జింకుకి పట్టే తెల్లతుప్పు కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఏది తుప్పో ఏది సున్నమో దేవుడికే తెలియాలి. ఆయన కూడా గుంటూరు లాబరేటరీకి వచ్చి చూడాల్సిందే. నేను గీకుతుంటే కోటయ్య మొహం చిన్నబోయింది.

"బొట్టు చెరపమాక సార్, మంచిది కాదు."

బొట్టు ఉంచి మిగతాది గీకాను. ఏమీ తేలలేదు. రేకు సంచిలో వేసుకుంటుంటే కోటయ్య రెండు చేతులూ జోడించాడు. నాకో, రేకుకో తెలియలేదు.

గురజాల: ఎనామిల్

ఇక మిగిలినవి రెండు. మూడు బాగుండాలన్నది ఒప్పందం. లెక్కల్లో నేను మరీ మట్టి కాదు, ఓడిపోయానని పిడుగురాళ్ల బస్టాండులోనే తెలిసింది. అయినా వెళ్ళాను. కాశింకి ఏమని చెప్పాలో తెలియనివాడు తిన్నగా ఇంటికి పోలేడు.

గురజాలలో కోర్టు ఉంది కాబట్టి హోటళ్ళు బాగుంటాయి. ప్లేటు భోజనం అయిదు రూపాయలు, పప్పు రెండోసారి అడిగితే వడ్డించేవాడు మనకేసి ఓసారి చూసి వడ్డిస్తాడు. నాలుగో రేకు సైకిల్ రిపేరు బాజీ దగ్గర. కొట్టు ముందు వేపకొమ్మకి వేలాడుతోంది. సగం పసుపు, సగం గోధుమ, మధ్యన గీత గీసినట్టు. తుప్పు లేదు, మరక లేదు.

చేతిలోకి తీసుకున్నాను. బరువు తేడాగా ఉంది. గోరుతో గీస్తే రంగు లేచింది. వెనక్కి తిప్పితే ఒక నూనె డబ్బా మీది తామరపువ్వు సగం కనిపించింది.

"బాజీ."

బాజీ సైకిల్ గొలుసు బాగుచేయడంలో మునిగిపోయాడు.

"బాజీ, ఇది ఎనామిల్ పెయింటు."

గొలుసు వదిలేసి తలెత్తాడు. "అసలుది గాలివానకి పోయింది సార్. మూడ్రోజులు ఎతికా, పొలాల్లో గూడా. దొరకలా. మాటిచ్చినాక లేదని చెప్పడం మా ఇంటా వంటా లేదు. కాశిం చెప్పిన రంగులు గుర్తుండాయి, బోర్డులు రాసే ఆయనచేత ఏయించినా. బాగాలేదా?"

బాగుంది. అసలుదానికన్నా బాగుంది. అదే చెప్పాను. బాజీ నా సంచి చక్రానికి తగిలి చిరిగితే కుట్టించి ఇచ్చాడు, కుట్టుకూలి ఎంతన్నా తీసుకోలేదు.

మాచర్ల బస్సులో నాకో పాడుబుద్ధి పుట్టింది, దాచను. పట్టుగుడ్డలో కరీముల్లాగారి రేకు కొత్తపెళ్ళికూతురిలా ఉంది. వానాకాలమంతా డాబామీదే ఉందని చెబితే రామబ్రహ్మంగారు ఎవర్ని అడగబోతారు? బాజీ రేకు కూడా దూరం నుంచి చూపిస్తే చాలు. రెండు అబద్ధాలు, కాశిం వేళ్ళు బాగుపడతాయి. కాని వచ్చే వానాకాలానికి పల్నాడు గొళ్ళేలన్నీ తెల్లతుప్పు పడితే తిట్లు తినేది మళ్ళీ కాశిమే. దారిపొడుగునా పత్తిచేలు విచ్చుకుని ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను.

మాచర్ల: కప్పు మీద

అయిదోది కాశిం అక్క హుస్సేన్‌బీ దగ్గర. బస్టాండు పక్కన టీకొట్టు నడుపుతుంది. రూపాయికి ఎనిమిది పుణుగులు, అల్లం చట్నీ అడిగినంత. నలభై దాటిన మనిషి, పెద్ద గొంతు. తల్లి పోతే కాశింని ఈవిడే పెంచింది.

నేనెవరో చెప్పాను.

"ఓహో. ఆ దొరగారికి తీరిక లేదేం?"

"సెలవు దొరకలేదమ్మా. ఒక రేకు ఇచ్చాడు కదా..."

"రేకా! రేకు గుర్తొచ్చిందా? అక్క గుర్తు రాలా?" పుణుగుల గరిటె నా మొహం మీదకి తిప్పింది. "ఎండాకాలం ఎళ్తా ఎళ్తా వచ్చాడు. తెల్లారకముందే లేచి కోడి కోసి పులుసు పెట్టా. కూర్చున్నాడు. జేబులోంచి చెంచా తీశాడయ్యా! నా ఇంట్లో, నేను వండింది, చేత్తో ముట్టుకోడానికి అసయ్యం ఆయనకి! ఈ చేత్తో గోరుముద్దలు పెట్టి పెంచా నేను."

అక్కకి తెలిస్తే పని మాన్పించి సున్నపు బట్టీకి పంపుతుందని కాశిం భయం. చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

"రేకు ఏం చేశావమ్మా?"

"ఇసిరేశా. వాడు బస్సెక్కగానే."

"ఎక్కడికి?"

"అదో, కప్పు మీదకి."

కప్పుకేసి చూశాను. "మళ్ళీ తీయలేదా?"

"నా చెప్పు తీసుద్ది దాన్ని."

"తోమలేదు కదా? బొట్టు పెట్టలేదు కదా?"

హుస్సేన్‌బీ టీ తాగుతున్న కండక్టరు వైపు తిరిగి, "ఈయనకి ఎండదెబ్బ తగిలినట్టుంది, మంచినీళ్ళియ్యి" అంది.

నేను అప్పటికే బల్ల ఎక్కాను. అది మూడుకాళ్ళ బల్ల అని ఎక్కాక తెలిసింది. రేకు చేతికందగానే పుణుగుల పిండి గిన్నెలో మోచేతిదాకా పడ్డాను. రేకు మాత్రం వదల్లేదు.

కడిగి చూశాను. ముందు నా చేతిని, తర్వాత రేకుని. ఆర్నెల్ల ఎండ, వాన, పొయ్యి పొగ, కాకిరెట్ట. పసుపు సగం వెలిసిపోయింది, అంచున తెల్లతుప్పు సన్నటి గీత. నా సగం నల్లబడింది, అంచున తెల్లతుప్పు సన్నటి గీత. ఎర్రతుప్పు ఎక్కడా లేదు. నాది గెలవలేదు, ఓడలేదు, సమానంగా నిలబడింది. నా జన్మలో ఇంత సంతోషం ఎరగను. పిండిచేత్తో హుస్సేన్‌బీకి దణ్ణం పెట్టాను.

ఆ సంతోషంలో ఒట్టు తప్పాను. చిల్లుల సంగతి, కారం సంగతి, చెంచా సంగతి అంతా చెప్పేశాను.

బాణలిలో పుణుగులు మాడుతున్నాయి, ఆవిడ తీయలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

"ఆ రోజు పులుసులో ఒక గరిటె కారం ఎక్కువేశా" అంది. "వాడికిష్టమని."

తర్వాత కొట్టు తడిక మూసి, "నువ్వు ఏ బస్సుకి పోతన్నావ్?" అని అడిగింది.

"పొద్దున బస్సుకి."

"నేనూ వస్తన్నా."

మళ్ళీ గుంటూరు

రామబ్రహ్మంగారి బల్లమీద అయిదు రేకులూ పరిచి, ఒక్కోదాని కథా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బొట్టు రేకుని కళ్ళకద్దుకున్నారు. బాజీ రేకుని చాలాసేపు మెచ్చుకుంటూ చూశారు. తర్వాత, "మూడన్నాం కదండీ. ఇక్కడ ఉన్నది ఒకటే" అన్నారు. అది నిజమే. నేను తల వంచుకున్నాను.

హుస్సేన్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ నాలుగూ మంచోళ్ళకిచ్చాడు సేటూ, చెడిపోయినయ్. నేను కోపిష్టిదాన్ని, నా దగ్గరది నిలబడింది. ఇంకో నలుగురు కోపిష్టోళ్ళకి ఇచ్చి చూసుకో కావాలంటే. ఈలోపు మావోడి చేతులు ఉంటాయా?"

రామబ్రహ్మంగారు మాచర్ల రేకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అది భోజనాల వేళ. తొట్టి దగ్గర్నుంచి కాశిం వచ్చాడు. అక్కని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతులు ముందుకు లాగలేదు, చూపించమని అడగలేదు. క్యారియరు విప్పింది. కోడిపులుసు, అన్నం. తెల్లారకముందే లేచి వండింది. కాశిం జేబులో చెయ్యి పెట్టి చెంచా తీశాడు. ఆవిడ అది లాక్కుని కొంగున ముడేసుకుంది. అన్నం కలిపి ముద్ద చేసి, తమ్ముడి నోటి దగ్గర పెట్టింది.

"ఊ, నోరు తెరువ్."

"అక్కా, అందరూ చూస్తన్నారు."

"చూడనీ."

ఇరవై ఏడేళ్ళవాడు షాపు మధ్యలో నిలబడి అక్కచేత ముద్దలు తింటుంటే, అక్కడున్న ఏడుగురిలో ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. నేను గోడ గడియారం చూశాను. రామబ్రహ్మంగారు పసుపు తొట్టి కేసి చూస్తూ ఉండిపోయారు. క్యారియరు ఖాళీ అయింది. అప్పుడు ఆయన నాకేసి తిరిగి, "మాస్టారూ, తొట్టెడు కషాయానికి కరక్కాయలు ఎన్ని పడతాయి?" అని అడిగారు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. షాపు వెనక మురుక్కాలవ ఇప్పుడు టీరంగులో పారుతోంది. ఒడ్డున గడ్డి మొలిచింది. పల్నాడు నుంచి తుప్పు ఫిర్యాదు ఒకటి వచ్చింది, వెళ్ళి చూస్తే ఆ గొళ్ళేన్ని కూడా చింతపండుతో తోమారు. బాజీ రేకు షాపులో గోడకి తగిలించి ఉంది, గిరాకీలు అదే రంగు కావాలంటున్నారు.

పోయిన వారం కాశింతో కలిసి మాచర్ల వెళ్ళాను. వేళ్ళ గుంటలు పూడాయి, తెల్లటి మచ్చలు మిగిలాయి. హుస్సేన్‌బీ పళ్ళెం పెట్టింది. కాశిం పులుసన్నం అయిదువేళ్ళతో కలుపుకుని తిన్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని అతని మొహం చూడలేదు, చేతినే చూసింది.

నేను పుణుగులు తింటూ ఇంకాస్త చట్నీ అడిగాను. ఆవిడ చట్నీ గిన్నెలోంచి చెంచాతో తీసి వేసింది. అది కాశిం చెంచా.